రొయ్య పెట్టె నుంచి చెరువు గట్టు దాకా: సర్టిఫైడ్ రొయ్యలకు డిజిటల్ ట్రేసబిలిటీ కట్టుకునే పద్ధతి

కొన్నేళ్ల కిందట నేను ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ విభాగంలో పనిచేసేవాణ్ణి. ఒక కంటైనరు సరుకులో యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికాయని అవతలి దేశం నుంచి కబురొచ్చింది. ఆ లాట్‌లో, అంటే ఒకే నంబరు కింద ప్యాక్ చేసిన సరుకులో, కలిసిన చెరువులు పదకొండు. తప్పు ఏ చెరువుదో తేల్చమన్నారు. రెండు రోజులు రిజిస్టర్లు తిరగేశాం. బండి నంబర్లున్నాయి, ఏజెంట్ల పేర్లున్నాయి, బరువులున్నాయి. ఏ క్రేటు ఏ చెరువుదన్నది మాత్రం ఎక్కడా లేదు. చివరికి పదకొండు మంది పేర్లూ ఒకే జాబితాకెక్కాయి. మందు మొహం చూడని రైతు కూడా తర్వాతి పంటకు కొనేవాళ్ల కోసం తిరిగాడు.

ట్రేసబిలిటీ అంటే సరుకు ఎక్కడి నుంచి వచ్చి ఎటు వెళ్లిందో ఆనవాలు పట్టగలగడం. అది విదేశీ కొనుగోలుదారు పెట్టే తలనొప్పి అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో ముందుగా అది తప్పు చేయని రైతుకు రక్ష. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ముప్పై నలభై మంది చిన్న రైతుల దగ్గర వనామీ రకం రొయ్యలు కొనే ప్లాంట్లనూ, సొసైటీలుగా ఏర్పడిన రైతులనూ, ప్లాంటులో కొత్తగా చేరిన క్వాలిటీ కుర్రాళ్లనూ మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఎవరు అడుగుతున్నారు, ఏం అడుగుతున్నారు

యూరప్‌లో 178/2002 రెగ్యులేషన్ ప్రకారం ఆహార వ్యాపారంలో ఉన్న ప్రతివాడూ సరుకు ఎవరి దగ్గర కొన్నాడో, ఎవరికి అమ్మాడో చూపించాలి. వెనక్కి ఒక అడుగు, ముందుకి ఒక అడుగు. ఈ నిబంధన 2005 జనవరి 1 నుంచి ఉంది. అమెరికాలో ‘సింప్’ అనే సముద్రాహార దిగుమతి పర్యవేక్షణ కార్యక్రమం 2018 డిసెంబరు 31 నుంచి రొయ్యలకు కూడా వర్తిస్తోంది. ఏ జాతి, ఏ ఫారం (సాగు క్షేత్రం), ఏ రోజు పట్టుబడి, ఎంత బరువు అన్నది దిగుమతిదారు ప్రభుత్వానికి ఇవ్వాలి. ఆ వివరాలు మన దగ్గరి నుంచే వెళ్లాలి.

అన్నిటికంటే లోతుగా వెళ్లేది అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తెచ్చిన ఫుడ్ ట్రేసబిలిటీ రూల్. 2022 నవంబరులో ఖరారైంది. మొదట 2026 జనవరి 20 గడువు అన్నారు, తర్వాత అమలు 2028 జూలై 20కి వాయిదా పడింది. గడువు జరిగింది కదా అని కూర్చోవద్దు, అక్కడి పెద్ద రిటైలర్లు ఈలోపే అడుగుతున్నారు. ఈ రూలులో మనం గుర్తుపెట్టుకోవాల్సినవి రెండు. పెంపకం సరుకైతే ఫారం మ్యాపులో ప్రతి చెరువు పేరూ, జీపీఎస్ స్థానమూ ఉండాలి. అధికారులు అడిగితే 24 గంటల్లో, వరుసపెట్టి చూసుకునే వీలున్న ఎలక్ట్రానిక్ పట్టిక ఇవ్వాలి. అంటే ఫారం పేరు చెబితే సరిపోదు, చెరువు దాకా రావాలి. పదకొండు చెరువుల జాబితాతో వదిలేసిన మా పాత పద్ధతికి అక్కడ చోటు లేదు.

వీటికి తోడు సర్టిఫికెట్లు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

మొదటి అంచె: ఏ సర్టిఫికెటో తేల్చుకోండి, ఆ గొలుసు గీయండి

మన దగ్గర ఎక్కువగా వినబడేవి బీఏపీ (బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్), ఏఎస్‌సీ (ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్). బీఏపీని గ్లోబల్ సీఫుడ్ అలయన్స్ నడుపుతుంది. అందులో నక్షత్రాల లెక్క. ప్లాంటుకు మాత్రమే సర్టిఫికెట్ ఉంటే ఒకటి, ఫారం కూడా చేరితే రెండు, రొయ్య పిల్లలు తీసే హేచరీ గానీ మేత మిల్లు గానీ కలిస్తే మూడు, అన్నీ ఉంటే నాలుగు. ఏఎస్‌సీ 2010లో పుట్టింది. అందులో ఫారానికి ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఆ తర్వాత సరుకు ఎవరి యాజమాన్యంలోకి వెళ్తే వాళ్లందరికీ చైన్ ఆఫ్ కస్టడీ సర్టిఫికెట్ (సర్టిఫైడ్ సరుకు మిగతాదానితో కలవకుండా చేతులు మారిందన్న ధ్రువపత్రం) కావాలి. సముద్రపు చేపలకు వాడే ఎంఎస్‌సీ (మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) వాళ్ల చైన్ ఆఫ్ కస్టడీ ప్రమాణాన్నే ఏఎస్‌సీ కూడా వాడుకుంటుంది. మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా కూడా యాంటీబయాటిక్ లేని రొయ్యల కోసం హేచరీలకూ ఫారాలకూ ‘శఫరి’ అనే సర్టిఫికేషన్ తెచ్చింది.

ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఒకటుంది. మన దగ్గర రైతుకీ ప్లాంటుకీ మధ్య ఏజెంటు ఉంటాడు. అతను కమిషన్ తీసుకుని బేరం కుదిర్చేవాడు మాత్రమే అయితే సరుకు రైతు నుంచి నేరుగా ప్లాంటు పేరు మీదికి మారుతుంది. అదే ఏజెంటు తన డబ్బుతో కొని, తన బిల్లుతో ప్లాంటుకు అమ్మితే మధ్యలో అతనూ యజమాని అవుతాడు. అతనికి చైన్ ఆఫ్ కస్టడీ సర్టిఫికెట్ లేకపోతే గొలుసు అక్కడే తెగుతుంది. చెరువుకు సర్టిఫికెట్ ఉన్నా, ప్లాంటుకు ఉన్నా ఆ పెట్టె మీద ఏఎస్‌సీ గుర్తు వేసుకునే హక్కు రాదు. కాబట్టి ఒక పెద్ద కాగితం తీసుకుని హేచరీ నుంచి కంటైనరు దాకా బాణాలు గీయండి. ప్రతి బాణం మీద రెండు రాయండి: సరుకు ఎవరి చేతిలో ఉంది, బిల్లు ఎవరి పేరు మీద ఉంది. ఈ రెండూ వేరైన ప్రతి చోటా ఎర్ర సిరాతో గుండ్రం చుట్టండి.

రెండున్నర ఎకరాల రైతు ఒక్కడే ఆడిట్ ఖర్చు భరించలేడు. ఏఎస్‌సీలో, బీఏపీలో రైతుల గుంపుకు ఉమ్మడిగా సర్టిఫికెట్ తీసుకునే దారి ఉంది. ఈ ఉమ్మడి పద్ధతి మన ప్రాంతానికి కొత్తది కాదు. 2002లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో ఎంపెడా, ఆసియా-పసిఫిక్ దేశాల ఆక్వాకల్చర్ సంస్థ నాకా కలిసి రైతులతో మంచి యాజమాన్య పద్ధతుల మీద పని మొదలుపెట్టాయి. ఆ అనుభవంలోంచే 2007లో రైతు సొసైటీల కోసం నాక్సా సంస్థ వచ్చింది. గుంపు సర్టిఫికెట్‌లో ఒకడి తప్పు అందరికీ తగులుతుంది. అందుకే గుంపుగా వెళ్లేవాళ్లకు చెరువు దాకా వెళ్లే ట్రేసబిలిటీ మరీ అవసరం.

రెండో అంచె: ఏమీ కొనకముందు ఒక పెట్టె పట్టుకుని వెనక్కి నడవండి

సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లను పిలవడానికి ముందు ఒక పూట ఈ పని చేయండి. కోల్డ్ స్టోరేజికి వెళ్లి కళ్లు మూసుకుని ఒక కార్టన్ తీయండి. దాని మీది కోడ్ రాసుకోండి. గడియారం చూసుకుని మొదలుపెట్టండి. ఆ పెట్టె ఏ రోజు ప్యాక్ అయింది, ఆ రోజు ఏ రా మెటీరియల్ లాట్లు లైనులో నడిచాయి, అవి ఏ బండ్లలో వచ్చాయి, ఏ చెరువుల నుంచి, ఆ చెరువుల్లో సీడ్ (రొయ్య పిల్లలు) ఏ హేచరీది, పట్టుబడికి ముందు చేసే ప్రీ హార్వెస్ట్ టెస్ట్ కాగితం ఎక్కడ? ప్రతి ప్రశ్న దగ్గర జవాబు ఏ పుస్తకంలో దొరికింది, ఎంత సేపు పట్టింది, ఎవరిని ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది అన్నది రాయండి.

మీరు ఫోన్ చేసి అడిగిన ప్రతిచోటా మీకు రికార్డు లేనట్టే. సూపర్‌వైజరు జ్ఞాపకం రికార్డు కాదు, అతను సెలవులో ఉన్న రోజు ఆ సంగతి తెలుస్తుంది. ఈ నడకలో బయటపడిన గుంటల జాబితాయే మీ ప్రాజెక్టు. దాన్ని పూడ్చని సాఫ్ట్‌వేర్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

మూడో అంచె: చెరువుకు పేరు కాదు, నంబరు పెట్టండి

‘పెద్ద చెరువు’, ‘రోడ్డు పక్క చెరువు’, ‘రాంబాబు గారి లీజు’. మాట్లాడుకోవడానికి ఇవి బాగుంటాయి. రికార్డులో మాత్రం ఇవే మొదటి శత్రువులు. లీజు మారగానే రాంబాబు గారి చెరువు సుబ్బరాజు గారి చెరువైపోతుంది. ఒకే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తే కంప్యూటరు నలుగురు రైతులనుకుంటుంది.

అందుకని అంకెలే వాడండి. ఉదాహరణకు 014-03 అంటే మీ జాబితాలో పద్నాలుగో ఫారం, అందులో మూడో చెరువు. ఈ నంబరు నేలకు చెందినది, మనిషికి కాదు. లీజుదారు మారినా నంబరు మారదు, దాని పక్కన ఎవరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా సాగు చేశారో రాసుకుంటారు. పంట మారినప్పుడు ఇంకో అంకె చేరుతుంది: 014-03-02 అంటే ఆ చెరువులో రెండో పంట. పాక్షిక పట్టుబడులు చేస్తే వాటికీ వరుస నంబరు: 014-03-02-1, తర్వాత 014-03-02-2. గట్టు మీద ఒక సిమెంటు పలక పాతి, నంబరు రాత్రి పూట కూడా కనబడేంత పెద్దగా పెయింటు వేయించండి. ఫోనుతో నాలుగు మూలల జీపీఎస్ తీసుకోండి, ఒక్క చుక్క చాలదు.

చెరువు వివరాల పేజీలో లైసెన్సు సంగతి తప్పనిసరి. సముద్రం, నదులు, క్రీకుల పోటు రేఖ నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉన్న ఉప్పునీటి సాగు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పరిధి. 2005 నాటి ఆ చట్టాన్ని 2023లో సవరించారు. ఆ రిజిస్ట్రేషన్ నంబరు, గడువు తేదీ, ఎంపెడా ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కాగితాల ఫొటోలు అన్నీ ఆ పేజీలోనే ఉండాలి. గడువు అయిపోయే ముందు ఫోనుకు హెచ్చరిక వచ్చేలా పెట్టుకోండి. ఆడిట్‌లో బయటపడే తప్పుల్లో గడువు దాటిన కాగితం అతి చిన్నది, అతి బాధ పెట్టేదీ ఇదే.

నాలుగో అంచె: చెరువు డైరీ

డైరీలో ఏం ఉండాలని అడిగితే కన్సల్టెంట్లు అరవై గడుల పట్టిక ఇస్తారు. గట్టు మీద ఉండే కుర్రాడు రోజుకి నాలుగు పూటలు మేత వేసి, చెక్ ట్రేలు ఎత్తి, ఏరేటర్లు చూసుకుని అలసిపోయి ఉంటాడు. అతను నింపగలిగింది అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు వేటికి పోవాలో మీరు ఎంచాలి.

నేను ఎంచేవి ఇవి. సీడ్ వేసిన రోజు: హేచరీ పేరు, దాని రిజిస్ట్రేషన్, పీఎల్ (హేచరీ రొయ్య పిల్లలు) బ్యాచ్ నంబరు, సంఖ్య, ల్యాబ్ రిపోర్టు ఫొటో. వనామీ తల్లి రొయ్యలు విదేశాల నుంచి చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం గుండానే హేచరీలకు చేరతాయి కాబట్టి మంచి హేచరీ అడిగితే వెనకటి ఆధారం ఇవ్వగలదు, అడగండి. రోజూ: మేత ఎన్ని కిలోలు, ఏ లాట్. బస్తా మీద కుట్టిన చీటీని కొత్త లాట్ విప్పినప్పుడు ఒక్కసారి ఫొటో తీస్తే చాలు. చెరువులోకి వెళ్లిన ప్రతి మందు, ప్రోబయోటిక్, ఖనిజం: డబ్బా ముందు వెనక ఫొటో, మోతాదు, ఎందుకు వేశారు. వారానికోసారి: శాంపిల్ బరువు, చనిపోయిన వాటి అంచనా.

మందుల గడి దగ్గర ఒక మాట. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధం అని అందరికీ తెలుసు. అయినా సరుకులో ఎలా వస్తాయి? కొన్నిసార్లు ‘గట్ ప్రోబయోటిక్’ అని అమ్మిన పొట్లంలోంచి వస్తాయి, రైతుకు తెలియకుండానే. 2016లో యూరప్ మన పెంపకం రొయ్యల తనిఖీని 10 నుంచి 50 శాతం సరుకుకు పెంచింది. ఆ భారం జాగ్రత్తగా సాగు చేసినవాడి మీదా పడింది. లేబుల్ లేని పొట్లం చెరువు మీదికి రాకూడదన్న నియమం, వచ్చిన ప్రతి పొట్లానికీ ఫొటో ఉండాలన్న నియమం రైతును కాపాడతాయి. రేపు ఆనవాళ్లు బయటపడితే ‘ఇదిగో నేను వాడింది, ఇదిగో దాని బ్యాచ్’ అని చూపించగలడు.

యాప్ తెలుగులో ఉండాలి, బొమ్మలతో ఉండాలి. కుర్రాడు వేరే రాష్ట్రం వాడైతే బొమ్మలే ఆధారం. సిగ్నల్ లేకపోయినా పనిచేసి, తర్వాత దొరికినప్పుడు పంపాలి. పని జరిగిన సమయం, నమోదు చేసిన సమయం రెండూ విడివిడిగా నిలవాలి. ఆడిటర్లు మొదట చూసేది ఇదే: నెల రోజుల డైరీ మొత్తం ఒకే సాయంత్రం నింపితే ఆ రెండో సమయం దాచలేరు. ఆలస్యమైతే ఆలస్యంగానే రాయండి, పాత తేదీ వేయకండి. ఆలస్యాన్ని ఆడిటరు అర్థం చేసుకుంటాడు.

అయిదో అంచె: పట్టుబడి రాత్రి

ఈ మొత్తం గొలుసులో అతి బలహీనమైన లింకు ఇది. దీని మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టమని అడుగుతున్నాను.

ఆ రాత్రి ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. వల లాగేవాళ్లు ఒక పక్క, కాటా దగ్గర రైతూ కంపెనీ మనిషీ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) మీద, తరుగు మీద వాదన ఒక పక్క. ఐసు కరిగిపోతోందని డ్రైవరు తొందర. బండి నిండలేదు కాబట్టి పక్క చెరువులోది కూడా ఎత్తేద్దామని ఎవరో అంటారు. ఎవరి మనసులోనూ మోసం ఉండదు. అయినా తెల్లారేసరికి రెండు చెరువుల సరుకు ఒకే బాక్సులో ఉంటుంది. ఆ తర్వాత ప్లాంటులో ఎంత గొప్ప యంత్రం ఉన్నా దాన్ని విడదీయలేదు. ఆ రెండోది సర్టిఫికెట్ లేని చెరువైతే సర్టిఫైడ్ సరుకు మొత్తం చెడినట్టే.

చేయాల్సినవి. ప్రతి క్రేటుకు చెరగని నంబరు, క్యూఆర్ కోడ్ ఉన్న ప్లాస్టిక్ బిళ్ల రివెట్ చేయించండి. తడి చేతులు, మసక వెలుతురు, బురద మధ్య క్యూఆర్ స్కాన్ కాకపోవడం మామూలే, కాబట్టి కింద నంబరు పెద్ద అంకెల్లో ఉండాలి, చేత్తో కొట్టే వీలు యాప్‌లో ఉండాలి. కాటా వేసినప్పుడే క్రేటు నంబరు, బరువు, చెరువు పట్టుబడి నంబరు మూడూ ఒకేసారి నమోదవ్వాలి. బ్లూటూత్ కాటా దొరికితే మంచిదే, లేకపోతే కాటా అంకె కనబడేలా ఫొటో చాలు.

ఒక బండిలో రెండు చెరువుల సరుకు వెళ్లొచ్చు. ఒక క్రేటులో మాత్రం ఒకే చెరువుది ఉండాలి. సగం నిండిన క్రేటు సగంగానే వెళ్లాలి. బండి తలుపు మూశాక నంబరున్న సీలు వేసి, సీలు ఫొటో తీయండి. ఆ క్షణంలో రైతు ఫోనుకు సందేశం వెళ్లాలి: ఏ చెరువు, ఎన్ని క్రేట్లు, మొత్తం బరువు, కౌంట్, బండి నంబరు. ఈ సందేశం గురించి నేను పట్టుబడతాను. మనం రైతును రాత్రి రెండు గంటలకు కొత్త పని చేయమంటున్నాం, అతనికి దక్కేది ఏమిటి? గట్టు మీది బరువుకీ ప్లాంటు బరువుకీ తేడా వచ్చినప్పుడు చేతిలో సాక్ష్యం. ఆ ఒక్క సందేశం వచ్చాక, మొదట విసుక్కున్న రైతులే బిళ్ల లేని క్రేటు ఎత్తనివ్వకుండా అడ్డుపడటం నేను చూశాను.

సింప్‌లో చిన్న ఫారాలకు ఒక వెసులుబాటు ఉంది: 1,000 కిలోల లోపు ఇచ్చే ఫారాల సరుకును కలిపి ఒకే నమోదుగా చూపొచ్చు. సర్టిఫైడ్ సరుకు విషయంలో దాని మీద ఆధారపడకండి. ప్రభుత్వానికిచ్చే పత్రంలో కలిపి చూపినా మీ సొంత రికార్డు విడివిడిగానే ఉండాలి.

ఆరో అంచె: ప్లాంటు గేటు లోపల

గేటు దగ్గర సీలు నంబరు సరిచూసి, క్రేట్లు స్కాన్ చేసి, గట్టు బరువు పక్కన ప్లాంటు బరువు వేయండి. శాంపిల్ తీసిన క్రేటు నంబరు ల్యాబ్ పుస్తకంలో ఉండాలి. ఇంతవరకూ తేలిక.

కష్టం రొయ్యలను సైజు వారీగా వేరుచేసే గ్రేడింగ్ యంత్రం దగ్గర మొదలవుతుంది. 40 కౌంట్ రొయ్యలు ఎవరి చెరువువైనా ఒకే గుట్టలోకి పోతాయి. ఒక చెరువుకు ఒక ఉత్పత్తి లాట్ నడపగలిగితే అంతకంటే మంచిది లేదు. కానీ ప్రతి చెరువుకీ లైను ఆపి కడిగితే షిఫ్టులో సగం కడగడానికే పోతుంది, అది నాకు తెలుసు. మధ్యేమార్గం: సర్టిఫైడ్ చెరువులను రోజులో ఒకే వరుసలో, షిఫ్టు మొదట్లో నడపండి. మూడు నాలుగు చెరువులకు ఒక లాట్ కట్టండి, ఆ లాట్‌లోకి వెళ్లిన పట్టుబడి నంబర్లన్నీ కిలోలతో సహా జతచేయండి. లాట్ మారేటప్పుడు లైను ఖాళీ చేసిన సమయం నమోదు చేయండి. లాట్ పెద్దదైన కొద్దీ రేపు ఇబ్బంది వచ్చినప్పుడు జాబితాకెక్కే రైతులు పెరుగుతారు. పదకొండు అలాగే వచ్చింది.

అన్నిటికంటే ప్రమాదం మిగులు. షిఫ్టు ఆఖరున అర క్రేటు హెడ్‌లెస్ (తల తీసిన రొయ్య) మిగులుతుంది, ఐసు వేసి పక్కన పెడతారు, పొద్దున వచ్చిన షిఫ్టు దాన్ని కొత్త లాట్‌లో పోసేస్తుంది. రీప్యాకింగ్‌కు వెనక్కి వచ్చిన పెట్టెలదీ ఇదే కథ. మిగులుకు వేరే రంగు క్రేటు, దాని పాత లాట్ నంబరు, అది ఏ కొత్త లాట్‌లోకి వెళ్లిందో ఒక ఎంట్రీ ఉండాలి. సర్టిఫైడ్ మిగులు మామూలు లాట్‌లో కలిపితే సర్టిఫికెట్ హక్కు పోతుంది, నష్టం అంతవరకే. మామూలు మిగులు సర్టిఫైడ్ లాట్‌లో పడితే అది తప్పుడు ముద్ర.

ఏడో అంచె: బరువుల లెక్క సరిపోవాలి

అబద్ధాన్ని పట్టేది స్కానర్ కాదు, లెక్క. ఒక ఊహా చెరువు తీసుకుందాం. రెండు లక్షల పీఎల్ వేశారు, 75 శాతం బతికాయి, 40 కౌంట్‌లో పట్టారు. 1,50,000 రొయ్యలను 40తో భాగిస్తే 3,750 కిలోలు. మేత మార్పిడి నిష్పత్తి (కిలో రొయ్యకు పట్టిన మేత కిలోలు) 1.4 అనుకుంటే మేత 5,250 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు 210. డైరీలో 120 బస్తాలే ఉండి పట్టుబడి 3,750 కిలోలు ఉంటే నిష్పత్తి 0.8కి పడిపోయింది. రొయ్య అలా పెరగదు. డైరీ సరిగ్గా రాయలేదు, లేదా వేరే చెరువు సరుకు దీని పేరు మీద వచ్చింది. రెండిట్లో ఏదో కనుక్కునేదాకా ఆ సరుకుకు సర్టిఫైడ్ ముద్ర వేయకండి.

ప్లాంటులో కూడా ఇంతే. తల తీశాక సుమారు 65 శాతం మిగులుతుందనుకుంటే 3,750 కిలోలకు 2,437 కిలోల హెడ్‌లెస్ వస్తుంది. 10 కిలోల నికర బరువు పెట్టెలైతే 243. కంప్యూటరులో 280 సర్టిఫైడ్ పెట్టెలు కనబడితే ఆ 37 పెట్టెల రొయ్యలు ఎక్కడివి? కౌంట్‌ని బట్టి, తల కోసే చేతిని బట్టి శాతం మారుతుంది కాబట్టి మీ ప్లాంటులో నెల రోజులు కొలిచి మీ సొంత శాతం కట్టుకోండి. నానబెట్టే ప్రక్రియ ఉంటే పెరిగిన బరువు వేరే గడిలో రాయండి, రొయ్య మీద పూతగా పట్టించే గ్లేజింగ్ మంచును నికర బరువులో కలపకండి. ఈ రెండు దార్లలోనే లెక్కలు దొంగతనంగా సరిపోతుంటాయి. హద్దు దాటగానే లాట్ దానంతట అదే ఆగిపోయేలా, క్వాలిటీ మేనేజరు కారణం రాస్తే తప్ప కదలకుండా సాఫ్ట్‌వేర్‌లో పెట్టించండి.

ఎనిమిదో అంచె: అందరికీ అర్థమయ్యే భాష

మీ సొంత నంబర్లు మీకు చాలు, అమెరికాలో కొన్నవాడి కంప్యూటరుకు చాలవు. దానికి జీఎస్ 1 ప్రమాణాలు (ప్రపంచమంతా ఒకే తీరున చదువుకునే నంబర్లు) ఉన్నాయి. స్థలానికి 13 అంకెల జీఎల్‌ఎన్, పెట్టె రకానికి 14 అంకెల జీటీఐఎన్, ప్యాలెట్‌కు 18 అంకెల ఎస్‌ఎస్‌సీసీ. జాతికి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ ఇచ్చిన మూడక్షరాల కోడ్ వాడండి: వనామీకి పీఎన్‌వీ, టైగర్‌కు జీఐటీ.

సంఘటనలను రాసే ప్రమాణం ఈపీసీఐఎస్. ఏ వస్తువు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్న ప్రశ్నలకు జవాబుగా ప్రతి ఘట్టాన్నీ నమోదు చేస్తుంది. క్రేటు కాటా వేయడం ఒక ఘట్టం, పెట్టెలు ప్యాలెట్ మీదికి చేరడం ఇంకో రకం, చెరువు సరుకు ఉత్పత్తి లాట్‌గా మారడం మరో రకం. ఆ మూడోదాన్ని రూపాంతర ఘట్టం అంటారు. లోపలికి వెళ్లిన లాట్లు, బయటికి వచ్చిన లాట్లు రెండూ అందులో ఉంటాయి కాబట్టి గ్రేడింగ్ గుట్ట సమస్యకు మందు అదే. సముద్రాహారంలో ఏ ఘట్టం దగ్గర ఏ వివరం ఉండాలో 2020లో వచ్చిన జీడీఎస్‌టీ ప్రమాణం చెబుతుంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాడిని ‘మీది జీడీఎస్‌టీ ప్రకారం ఈపీసీఐఎస్ ఫైలు బయటికి ఇస్తుందా’ అని అడిగి, అక్కడికక్కడే ఒక ఫైలు తీసి చూపించమనండి.

సాఫ్ట్‌వేర్ ఎంపికలో ఇంకో రెండు మాటలు. మీ గుంటల జాబితా చిన్నదైతే మంచి స్ప్రెడ్‌షీట్‌తో ఒక పంట నడపండి, ఏం కావాలో అప్పుడే తెలుస్తుంది. రెండోది బ్లాక్‌చెయిన్, అంటే ఒకసారి రాసింది తర్వాత ఎవరూ మార్చలేని ఉమ్మడి డిజిటల్ పుస్తకం. 2019 అక్టోబరులో వాల్‌మార్ట్, ఐబీఎం, మన రొయ్యల ఎగుమతి కంపెనీ సంధ్యా ఆక్వా కలిసి ఆంధ్ర రొయ్యలను అమెరికాలోని శామ్స్ క్లబ్ దుకాణాల దాకా బ్లాక్‌చెయిన్‌తో ఆనవాలు పట్టే ప్రయోగం ప్రకటించాయి. రాసింది ఎవరూ మార్చకుండా కాపాడటంలో ఆ సాంకేతికత గట్టిది. రాసేటప్పుడే గట్టు మీద తప్పు పడితే ఆ తప్పును కూడా అంతే గట్టిగా కాపాడుతుంది. అయిదో అంచె పూర్తయ్యాకే దాని గురించి ఆలోచించండి.

రైతు సమాచారం రైతుదే అని ఒప్పందంలో రాయండి. ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు ట్రేసబిలిటీకి అక్కరలేదు, అడగొద్దు. రైతు వేరే ప్లాంటుకు వెళ్లాలనుకుంటే తన డైరీ మొత్తం తీసుకుని వెళ్లగలగాలి. లేకపోతే అది అతని కాలికి కట్టిన తాడవుతుంది, ఏదో ఒక రోజు రాయడం మానేస్తాడు.

తొమ్మిదో అంచె: కంటైనరు, కాగితాలు

ఇక్కడ చెప్పేది తక్కువ, ఎందుకంటే ఎగుమతి విభాగాలకు ఇది అలవాటైన పని. ప్యాలెట్ నంబర్లు, కంటైనరు నంబరు, సీలు, ఉష్ణోగ్రత లాగర్ నంబరు, హెల్త్ సర్టిఫికెట్, ఇన్‌వాయిస్ ఒకే ఫోల్డర్‌లో, లాట్ నంబరు కొడితే బయటికి వచ్చేలా ఉండాలి. సర్టిఫైడ్ సరుకైతే ఇన్‌వాయిస్ వరుసలోనే ఆ మాటా, మీ చైన్ ఆఫ్ కస్టడీ కోడూ ఉండాలి. సముద్రపు చేపలు కూడా పంపేవాళ్లకు యూరప్ వేట ధ్రువపత్రం వేరే ఉంది, 2026 జనవరి 10 నుంచి అక్కడి దిగుమతిదారులు దాన్ని ‘క్యాచ్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోనే పెట్టాలి. పెంపకం రొయ్యలకు అది వర్తించదు.

పదో అంచె: మూడు నెలలకోసారి ఉత్తుత్తి రీకాల్ (సరుకు వెనక్కి పిలిచే కసరత్తు)

రెండో అంచెలో చేసిన నడకను ఇప్పుడు రెండు వైపులా చేయండి. ఒక పెట్టె నుంచి చెరువుల దాకా వెనక్కి. ఇంకో రోజు ఒక మేత లాట్ తీసుకుని, అది తిన్న చెరువులన్నీ, వాటి సరుకు వెళ్లిన పెట్టెలన్నీ, అవి ఇప్పుడు ఉన్న చోట్లన్నీ ముందుకి. ఈ రెండోదే కష్టం, చాలామంది దీన్ని చేయరు. ముందుగా ఎవరికీ చెప్పకండి. ట్రేసబిలిటీ చూసే మనిషికి ఆ రోజు సెలవిచ్చి, పక్క విభాగం వాళ్లతో చేయించండి. బయటికి వచ్చిన పెట్టెల బరువు, లోపలికి వచ్చిన సరుకు బరువుతో సరిపోయిందో చూడండి. నాలుగు గంటల్లో తేలితే 24 గంటల గడువుకు మీకు బెంగ లేదు.

ఆ ఫలితాన్ని చెరువు రైతులకు కూడా చూపించండి. ఉత్తుత్తి ఫిర్యాదు మీద ఎన్ని చెరువులు జాబితాకెక్కాయో ప్రతిసారీ ఒక పలక మీద రాసి ప్లాంటు గేటు లోపల వేలాడదీయించాను నేను, తర్వాత పనిచేసిన చోట. మొదటిసారి తొమ్మిది. ఏడాది తిరిగేసరికి రెండు.